రెండు తాళంచెవులూ వాళ్ల దగ్గరే

ఆదివారం.

మధ్యాహ్నం దాకా ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే షెల్టర్‌లోనే ఉన్నాను. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు బంకు మంచాల బొమ్మలు గీసుకొచ్చారు. చక్కగానే ఉన్నాయి. అక్కడుండే కుర్రాళ్లు మర్యాదగా చూసి ఊరుకున్నారు. మీకేం కావాలో మీరే చెప్పండి అంటే చాలాసేపటికి పాలకొండ వైపు కుర్రాడొకడు నోరు విప్పాడు. "మంచం ఏదైనా పర్లేదక్కా. తాళం ఏసుకోడానికి ఓ పెట్టుంటే సాలు. ఫోన్ పోతే పనికి పిలిసేవోడే ఉండడు."

తలగడ కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. ఆధార్ జిరాక్సు, టెన్త్ మెమో, ఛార్జరు. రోజూ దాని మీదే తల పెట్టుకుని పడుకుంటాడట. నాకు గొంతు పట్టేసింది.

వీళ్లంతా పద్దెనిమిది దాటినవాళ్లు. అంతకన్నా చిన్నవాళ్లయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల హోంలో పెరిగినవాళ్లకి 21 ఏళ్ల దాకా ఎంతో కొంత ఆసరా ఉంటుంది. ఇంట్లో గొడవపడి రైలెక్కేసిన పంతొమ్మిదేళ్లవాడికి అదీ లేదు. పెద్దవాళ్ల షెల్టరే గతి.

షెల్టర్లలో మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని నిబంధన. అందులోనే మంచం, పెట్టె, తడి బట్టలు. పైగా హార్బర్‌లో ఐసు మోసేవాళ్లు తెల్లారుజామున మూడింటికే లేస్తారు, హోటళ్లలో చేసేవాళ్లు అర్ధరాత్రి వస్తారు. హాలంతటికీ ఒకటే లైటు! ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. మంచానికో చిన్న లైటు, ఛార్జింగ్ ప్లగ్గు, అడ్డంగా ఓ తెర ఉంటే సగం గొడవలు తగ్గుతాయని నా నమ్మకం.

పెట్టె మంచం కింద పెడదామన్నారు విద్యార్థులు. కంచరపాలెం నుంచి వచ్చిన కార్పెంటర్ బాబాయ్ ఒప్పుకోలేదు. "నేల కడిగిన ప్రతిసారీ ప్లైవుడ్ ఉబ్బిపోద్దమ్మా, తలవైపు గోడకి కొట్టేద్దాం" అన్నాడు. కూలి వద్దన్నాడు, కుర్రాళ్లు ఇద్దరు తనతో పనిలోకి దిగితే చాలన్నాడు. పాలకొండ అబ్బాయి అప్పుడే టేపు పట్టుకున్నాడు.

మా అపార్ట్‌మెంట్‌వాళ్లు పాత అల్మారా తలుపులు ఇస్తామన్నారు. తాళాలు మాత్రం కొత్తవే కొనాలి. ఒక తాళంచెవి ఆఫీసులో ఉంచాలన్నారు షెల్టర్ చూసుకునే ఆయన. నేను ఒప్పుకోలేదు. రెండూ కుర్రాడి దగ్గరే ఉండాలి. రేపు మళ్లీ వెళ్లి మాట్లాడతాను.