బ్రేకుల్లేని సైకిల్

ట్రాక్ సైక్లింగ్ నేర్చుకుంటున్నానని ఫోన్‌లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, “బ్రేకుల్లేకపోతే ఎట్ల ఆగుతవే?”

అప్పటికి నా దగ్గరా సరైన జవాబు లేదు. నాలుగేళ్లుగా రోడ్ బైక్ తొక్కుతున్నాను. మామూలు రోజుల్లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద, ఆదివారాల్లో వికారాబాద్ దాటి అనంతగిరి గుట్టల మీద. వంద కిలోమీటర్లు తొక్కి వచ్చి సాయంత్రం పెళ్లికి వెళ్లిన రోజులున్నాయి. చదునైన గిన్నెలో గుండ్రంగా తిరగడం ఎంత పని అనుకున్నాను.

మొదటి తప్పు అక్కడే. గిన్నె చదునుగా ఉండదు.

ఉస్మానియా క్యాంపస్‌లోని వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్, 2002 నేషనల్ గేమ్స్ కోసం కట్టింది. పైకప్పు లేని కాంక్రీట్ ట్రాక్. లోపల నిలబడి మలుపు వైపు చూస్తే రోడ్డును ఎవరో పక్కకు ఎత్తి గోడకు ఆనించినట్టు ఉంటుంది. తెల్లవారుజామున ఐదున్నరకే వెళ్లేవాళ్లం. ఎనిమిది దాటితే కాంక్రీట్ పెనంలా కాలుతుంది. నెమళ్లు అరుస్తుంటాయి. మొదటి రోజు మా కోచ్ సార్ నన్ను వాలు ఎక్కనివ్వలేదు. అడుగున చదునుగా ఉన్న పట్టీ మీదే తిరగమన్నారు. “కాలు మాత్రం ఆపకమ్మా” అన్నారు. సరే సార్ అన్నాను.

రెండో మలుపులో ఆపాను.

కావాలని కాదు. రోడ్డు మీద మలుపు రాగానే తొక్కడం ఆపేస్తాం, సైకిల్ దాని పాటికి అది పోతుంది. ఆ సుఖమంతా ఫ్రీవీల్‌ది, అంటే కాలు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనక భాగానిది. ట్రాక్ సైకిల్‌కు ఫ్రీవీల్ ఉండదు, గేర్లు మార్చడం ఉండదు, బ్రేకులు ఉండవు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. నేను కాలు బిగించగానే పెడల్ నా మోకాలిని కింద నుంచి ఒక్క తోపు తోసింది. సీటు మీంచి జానెడు లేచి పడ్డాను. కింద పడలేదు గానీ గుండె చాలాసేపు కొట్టుకుంది. నాలుగేళ్ల రోడ్డు అలవాటును ఆ ఒక్క కాలి నుంచి తీసెయ్యడానికి మూడు వారాలు పట్టింది.

వాలు మీదకు వెళ్లడం దాని కన్నా సులువే, నమ్మితే. భయమేసి మెల్లగా వెళ్తే టైర్ కిందికి జారుతుంది. వేగంగా వెళ్తే నేల మనల్ని పట్టుకుంటుంది. ఈ సంగతి సార్ పదిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. పదకొండోసారి నా వెనకే తొక్కుతూ “తొక్కు, తొక్కు, తొక్కు” అని అరుస్తుంటే ఆయన మీది కోపంతో తొక్కాను. చూస్తే నీలం గీత పైన ఉన్నాను.

ఆ గీతల సంగతీ చెప్పాలి. అన్నిటికన్నా కింద నల్ల గీత, దూరం కొలిచేది దాని మీదే. దాని పైన ఎర్ర గీత. ఆ రెండిటి మధ్య వెళ్తున్నవాళ్లను లోపలి వైపు నుంచి దాటకూడదు, బయటి నుంచే చుట్టి రావాలి. ఇంకా పైన నీలం గీత. తిరిగేది ఎప్పుడూ ఎడమ వైపుకే కాబట్టి పైకి జరగాలంటే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. చూడకుండా జరిగితే వెనకవాళ్ల నోటి నుంచి వచ్చే మాటలు ఇక్కడ రాయలేను.

ఐదో వారంలో సెకండ్‌హ్యాండ్ ఫ్రేమ్ కొని ఒక షాపులో బిగించుకున్నాను. చైన్ తిరిగే చక్రాలకు ముందు 49 పళ్లు, వెనక 15. మర్నాడు ట్రాక్ మీద వేగం తగ్గిద్దామని కాలితో వెనక్కి ఒత్తిడి పెడితే ఏ అడ్డూ లేకుండా పెడల్ ఖాళీగా తిరిగింది. అదృష్టం కొద్దీ చదును మీద ఉన్నాను. సార్ చక్రం విప్పి చూశారు. వెనక పళ్ల చక్రం వదులు కాకుండా దాని మీద లాక్‌రింగ్ ఒకటి బిగించాలి. దానికి ఉల్టా మర ఉంటుంది, ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. షాపులో అసలు పెట్టనే లేదు. అడిగితే “మామూలు సైకిల్‌కు అది అవసరం లేదు మేడమ్” అన్నాడు. ఇది మామూలు సైకిల్ కాదని నేనూ ముందే గట్టిగా చెప్పాల్సింది. ఇప్పుడు ఎవరు బిగించినా ఒకసారి నేనే తిప్పి చూసుకుంటాను.

పోటీలకు కావాల్సిన రేసింగ్ లైసెన్స్ దగ్గర తప్పు పూర్తిగా నాదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొత్తం, ఆధార్‌లో ఒక్క అక్షరం. అది సరిచేయించుకునేసరికి పది రోజులు పోయాయి. తర్వాత ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఇచ్చే 11 అంకెల ఐడీ వచ్చింది. ఇటలీ స్టార్ సైక్లిస్ట్ ఫిలిప్పో గన్నాకూ ఒకటి ఉంటుంది, నాకూ ఒకటి ఉంది. మా ఇద్దరికీ పోలిక అంతవరకే.

నేను ఎంచుకున్నది, అప్పట్లో ఆడవాళ్లకు ఉన్న 3 కిలోమీటర్ల పర్సూట్. ట్రాక్‌కు అటొకరు ఇటొకరు ఎదురెదురు వైపుల నుంచి బయలుదేరతారు. పక్కన ఎవరూ ఉండరు, గడియారమే తోడు. హ్యాండిల్ మీద మనకు కనిపించేలా మీటర్ పెట్టనివ్వరు. కాబట్టి టైం తెలిసేది కోచ్ నిలబడిన చోటును బట్టే. చుట్టుకు 32 సెకన్లని లెక్క వేసుకుంటే, ఆ లెక్కకు సరిగ్గా వెళ్తున్నప్పుడు సార్ నా ముగింపు గీత దగ్గరే నిలబడతారు. ముందున్నానంటే గీత దాటి ముందుకు నడుస్తారు, వెనకబడితే వెనక్కి.

మొదటిసారి పూర్తి దూరం తొక్కినప్పుడు, నిలబడి మొదలుపెట్టిన చుట్టు పోగా, తర్వాతి రెండూ 29 సెకన్లలో చేశాను. సార్ గీతకు చాలా ముందు నిలబడి రెండు చేతులూ కిందికి ఊపుతున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. నెమ్మదించమని! ఆ తర్వాత 33, 35, 36. రోడ్డు మీదైతే అలసిపోయినప్పుడు ముందువాడి వెనక దాక్కోవచ్చు, రెండు సెకన్లు కాలు ఆపొచ్చు. ఇక్కడ ఆ రెండూ లేవు. చివరి చుట్లలో సార్ ఎక్కడున్నారో కూడా చూడలేదు. మొత్తం సరిగ్గా 5 నిమిషాలు. సైకిల్ దిగి వాంతి చేసుకున్నాను.

ఆ రాత్రి బ్రిటన్ సైక్లిస్ట్ బ్రాడ్లీ విగ్గిన్స్ గురించి చదువుతూ కూర్చున్నాను. 2012లో రోడ్డు మీద మూడు వారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన మనిషి, 2016లో రియో ఒలింపిక్స్‌లో ట్రాక్ మీద టీమ్ పర్సూట్ స్వర్ణం తెచ్చాడు. కొండలెక్కడానికి తగ్గించుకున్న బరువును ట్రాక్ కోసం మళ్లీ పెంచుకున్నాడు. గన్నా అయితే 2020, 2021లో రోడ్డు మీద టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ) ప్రపంచ ఛాంపియన్, మధ్యలో టోక్యో ఒలింపిక్స్‌లో టీమ్ పర్సూట్ స్వర్ణం, 2022లో ఒక్క గంటలో 56.792 కిలోమీటర్లు. ఇంతకుముందు ఈ లెక్కలు చదివి “అబ్బా” అనుకుని పక్కన పెట్టేదాన్ని. ఇప్పుడు ఆ గంటసేపు ఆయన ఒక్కసారి కూడా కాలు ఆపలేదన్నదే మనసులో తిరిగింది.

మన దగ్గరా లేకపోలేదు. 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఓడర్‌లో ఎసో అల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ టీమ్ స్ప్రింట్‌లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. నాకైనా ట్రాక్ ఎక్కిన తర్వాతే తెలిసింది.

సెలెక్షన్ ట్రయల్స్ రోజు ఆడవాళ్లం ఐదుగురమే. నా ఎదురు వైపు అమ్మాయికి పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో, ముఖంలో టెన్షన్ అన్నదే లేదు. నా సీటు వెనక పట్టుకుని నిలబడిన తమ్ముడి చేతులు మాత్రం వణుకుతున్నాయి, లేదా వణుకుతున్నది నేనే. మొదటి చుట్టు 36. తర్వాత సార్ గీత దగ్గర నిలబడ్డారు. ఇంకో చుట్టు, అక్కడే. ఇంకోటి, అక్కడే. మిగిలిన చుట్లు చూపే ల్యాప్ బోర్డు మీద 3 కనిపించినప్పుడు తొడలు మండుతున్నాయి, సార్ అరడుగు వెనక్కి వేశారు. తర్వాతి చుట్టులో మళ్లీ గీత దగ్గరకొచ్చారు. ఆ అరడుగు కోసం పడ్డ పాటు నాకే తెలుసు.

4 నిమిషాల 52 సెకన్లు. నాలుగో స్థానం. జట్టులోకి తీసుకోలేదు. ఆ అమ్మాయి నాకన్నా 20 సెకన్లు ముందు. సార్ వాచీ చూపించి “ఎనిమిది తగ్గించావమ్మా” అని మాత్రం అన్నారు, వెంటనే తర్వాతి కుర్రాడి దగ్గరకు వెళ్లిపోయారు.

ఆ ఆదివారం పాత గుంపుతో అనంతగిరి వెళ్లాను. గుట్ట దిగుతుంటే అందరూ కాళ్లు ఆపి, గాలికి వంగి, హాయిగా జారిపోతున్నారు. పక్కకొచ్చిన స్నేహితురాలు నా వైపు వింతగా చూసింది.

“దిగుడే కదే, ఎందుకు తొక్కుతున్నావు?”

కిందికి చూసుకున్నాను. కాళ్లు తిరుగుతూనే ఉన్నాయి.