షోకేసులో పెడితే తుప్పే

మా పాత గేముల గ్రూపులో అప్పుడప్పుడూ లేచే గొడవ ఒకటుంది, ఇప్పుడు మళ్ళీ లేచింది. మన దగ్గర ఇన్ని పాత వీడియోగేమ్ మిషన్లు, ఇన్ని క్యాసెట్లు పోగయ్యాయి, వచ్చిన ప్రతివాడి చేతికీ ఇచ్చి పాడుచేసుకోవడం దేనికి, చక్కగా ఒక గ్లాసు బీరువా చేయించి అందులో పెడదాం, ఆడాలనుకున్నవాళ్ళకి ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (పాత మిషన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) ఉంది కదా అని ఒక వర్గం. కుదరదు, వీటి మీదే ఆడాలి అని ఇంకో వర్గం. నేను రెండో వర్గంలో కాస్త గట్టిగా అరిచే మనిషిని. వాట్సాప్‌లో అరిస్తే ఎవరూ పూర్తిగా చదవట్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఊరి సంగతి. ఇది వైజాగ్ అండి. ఎంవీపీ కాలనీలోనో పెదవాల్తేరులోనో సముద్రం వైపున్న ఏ ఇంటి కిటికీ గ్రిల్ అయినా చూడండి, రంగు వేసిన కొన్నాళ్ళకే పెచ్చులు లేస్తుంది. ఏసీ బయటి యూనిట్ గతి చెప్పక్కర్లేదు. ఆ ఉప్పుగాలి గ్లాసు బీరువాని చూసి ఆగదు. ఫామికామ్ (జపాన్ నింటెండో వాళ్ళ వీడియోగేమ్ మిషన్) రకం క్యాసెట్‌కి కింద 60 పిన్నులుంటాయి. మనకి దొరికిన చవక క్యాసెట్లలో ఆ రాగి మీద పూత పల్చన, కదపకుండా ఉంచితే నల్లబడుతుంది, ఇంకొన్నాళ్ళకి పచ్చగా చిలుం పడుతుంది. అదే తరచూ పెట్టి తీస్తుంటే ఆ రాపిడికే పైపొర పోయి కాంటాక్ట్ బాగుంటుంది. చిన్నప్పుడు మనమంతా క్యాసెట్ పీకి ఉఫ్ఫుమని ఊదేవాళ్ళం కదా, గేమ్ వచ్చింది ఊదినందుకు కాదు, పీకి మళ్ళీ పెట్టినందుకు. ఊదిన తడి పిన్నులకి చెడే చేసింది. ఈ మాట చెబితే నలభై దాటినవాళ్ళు ఒక్కరూ ఒప్పుకోరు. తుడవడానికి దూది పుల్లలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా పక్కనే పెట్టినా మా గదిలో ఎవరో ఒకరు ఊదుతూనే ఉంటారు.

బోర్డు మీద కరెంటు కాస్త దాచుకునే కెపాసిటర్లదీ ఇంచుమించు అంతే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల సన్నటి ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, కరెంటు తగులుతూ ఉంటేనే అది గట్టిగా ఉంటుంది, ఏళ్ళ తరబడి వాడకపోతే బలహీనపడుతుంది. అటక మీంచి దింపిన మిషన్‌కి ఉత్సాహంగా అడాప్టర్ గుచ్చగానే పొగ వచ్చిందంటే కారణం ఇదైనా అయ్యుండొచ్చు, అడాప్టరైనా అయ్యుండొచ్చు. జపాన్ ఫామికామ్‌కి అడాప్టర్ పిన్ను మధ్యలో మైనస్. దాన్ని చూసి చేసిన మన నకలు మిషన్లలో ఎవడికి తోచినట్టు వాడు పెట్టాడు. అందుకని మా గదిలో ప్రతి అడాప్టర్‌కీ రంగు టేపు చుట్టి ఉంటుంది, మిషన్ వెనక అదే రంగు టేపు. రంగు కలవకుండా గుచ్చినవాడు ఆ రోజు అందరికీ టీ చెప్పాలి.

ఈ మిషన్లు ఎక్కడి నుంచి వస్తాయని చాలామంది అడుగుతారు. ఎక్కువగా అటకల మీంచే. ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఇరవై, ముప్ఫై ఏళ్ళున్న కుటుంబం, ఆయన రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు అటక దులిపితే ఇత్తడి గంగాళం వెనక అట్టపెట్టెలో ఏ సమురాయో, లిటిల్ మాస్టరో, అలాంటి నకలు మిషన్ ఒకటి బయటపడుతుంది. అబ్బాయి అమెరికాలో ఉంటాడు, ఫోన్లో "పారేయకమ్మా" అంటాడు, అలాగని తీసుకెళ్ళడు. అప్పుడు మాకు కబురొస్తుంది. ఓడల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళ నుంచైతే ఎప్పుడో ఒకసారి సింగపూర్‌లో కొన్న అసలు సరుకు కూడా దొరుకుతుంది. చాలా పెట్టెల మీద నీటి మరక కనిపిస్తుంది. ఎప్పటిదమ్మా అని అడిగితే 'హుద్‌హుద్' అంటారు. 2014 అక్టోబర్ 12న ఆ తుఫానుకి కిటికీ అద్దాలు ఎగిరిపోయిన ఇళ్ళలో అటకలు కూడా తడిశాయి మరి.

ఎమ్యులేటర్ల మీద నాకు కోపమేం లేదు, ముందే చెప్తున్నా. నికోలా సాల్మోరియా అనే ఇటలీ ఆయన 1997లో మేమ్ (MAME) అనే పార్లర్ గేముల ఎమ్యులేటర్ మొదలుపెట్టకపోతే వీడియో పార్లర్ల గేములు చాలా మనకి మిగిలేవి కావు. జగదాంబ వైపు పార్లర్లలో రూపాయి బిళ్ళలు ధారపోసి ఆడిన 'ముస్తఫా', అంటే క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, దాని బోర్డు కోసం ఎంత వెతికినా దొరకలేదు, మేము మేమ్‌లోనే ఆడతాం. లేని చోట అది దేవుడిచ్చిన వరం. ఉన్న చోట మాత్రం తేడా తెలుస్తుంది.

ఎలాగంటే, మన పాత టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకి 50సార్లు బొమ్మ మారుతుంది. జపాన్‌లో, అమెరికాలో 60. మా దగ్గరికి వచ్చిన పాత నకలు మిషన్లు విప్పి చూస్తే ఎక్కువ వాటిలో తైవాన్ యూఎంసీ కంపెనీ చిప్పులున్నాయి, 60కి రాసిన గేమునే ఎక్కడా చెడకుండా, కాస్త నెమ్మదిగా 50 మీద నడిపించడానికి చేసినవి అవి. అంటే ఇక్కడ మనం ఆడిన కాంట్రా అసలు దానికన్నా ఆరో వంతు నెమ్మది! ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు, యాభైకి దగ్గర్లో ఉంటారు, ల్యాప్‌టాప్‌లో కాంట్రా పెట్టిస్తే మొదటి స్టేజిలోనే మూడు లైఫులూ పోగొట్టుకుని ముఖం చిన్నబుచ్చుకున్నారు. "ఇది పరిగెడుతోందండి, మా గేమ్ ఇలా ఉండేది కాదు" అన్నారు. పక్కనున్న కుర్రాళ్ళు వయసు మీద పడిందిలే అన్నట్టు నవ్వారు. మిషన్ మీద పెట్టించాం, చేతులకి అన్నీ గుర్తొచ్చాయి, జలపాతం స్టేజి దాటేశారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎమ్యులేటర్‌లో కూడా డెండీ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది మారిస్తే ఈ నెమ్మది వస్తుంది, కానీ మారుస్తున్నది ఎవరు?

ఇక గన్. బాతుల్ని కాల్చే డక్ హంట్ గేమ్ ఆడాలంటే డబ్బా టీవీ ఉండాల్సిందే. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంలో నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్ల చతురం మెరుస్తుంది, గన్ లోపలి సెన్సర్‌కి ఆ వెలుగు సరిగ్గా ఆ క్షణంలోనే కనిపించాలి. డబ్బా టీవీ ఆలస్యం లేకుండా గీస్తుంది. కొత్త టీవీలు బొమ్మని ముందు సర్దుకుని తర్వాత చూపిస్తాయి, ఆ లోపు గన్ చూడటం అయిపోతుంది. పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు, ఫోన్లో స్లోమోషన్ వీడియో తీయమంటే తెల్ల డబ్బా వాళ్ళకే కనిపిస్తుంది, ఆ తర్వాత అరగంట టీవీ ఎలా పనిచేస్తుందో అడుగుతూనే ఉంటారు. గ్లాసు బీరువాలో గన్ పెడితే అదొక ప్లాస్టిక్ బొమ్మ.

అసలు ఈ గేములు సగం పక్కన మనిషి ఉంటేనే గేములు. నామ్కో 1985లో చేసిన బ్యాటిల్ సిటీ, అదే ట్యాంకుల గేమ్, దాంట్లో మన గుండు మనవాడికి తగిలితే వాడు చావడు, కాసేపు కదలకుండా నిలబడిపోతాడు. ఇది కావాలని పెట్టారో లేదో గానీ, తగాదా పెట్టడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. ఎదురుగా శత్రువు ట్యాంకు వస్తుంటే మనవాడు మనల్ని కొట్టి బొమ్మలా నిలబెట్టేస్తాడు, "చూసుకోలేదురా" అంటాడు. చూసే కొట్టాడని అందరికీ తెలుసు. మా గ్రూపులో ఒక అక్క ఉంది, చిన్నప్పుడు వాళ్ళ అన్నయ్య వైరు గుచ్చని రిమోట్ చేతికిచ్చి ఆడుతున్నావని నమ్మించాడట, చాలా రోజులు నమ్మిందట. ఇప్పుడు ఆవిడ ట్యాంకుల దగ్గర కూర్చుంటే మగాళ్ళు పక్కన కూర్చోవడానికి జంకుతారు.

సరే, గొడవ వదిలేసి అసలు విషయానికొస్తా. ఈ గ్రూపు నడుస్తున్నది గేముల వల్ల కాదు, మనుషుల వల్ల. అక్కయ్యపాలెంలో ఒక సభ్యుడి ఇంటి మేడ మీద గది వాళ్ళమ్మగారు ఇచ్చారు. ఆవిడ జీవితంలో గేమ్ రిమోట్ పట్టుకోలేదు, ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, రాత్రి ఎనిమిది దాటితే చప్పుడు ఉండకూడదు. కంచరపాలెంలో టీవీలు బాగుచేసే బాబాయి ఒకాయన ఉన్నారు, డబ్బా టీవీలు రిపేరుకి రావడం మానేశాక ఆయన షాపులో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి, మా పని మాత్రం మానలేదు. కలర్ పిక్చర్ ట్యూబ్ దగ్గర 20 వేల వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంత నిలిచి ఉంటుంది, అందుకని టీవీ మూత ఆయన తప్ప ఎవరూ విప్పకూడదు. ఈ నియమం మీద మాత్రం రెండు వర్గాలకీ గొడవ లేదు.

ఇంతకుముందు అన్ని పనులూ ఒకే అన్న చేసేవాడు. తాళం ఆయన దగ్గరే, టీ డబ్బుల లెక్క ఆయనే, ఏ మిషన్‌కి ఏ రోగమో ఆయన తలలోనే. ఆయనకి పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. నెల తిరక్కుండా గది మూతపడేంత పనైంది, ఎందుకంటే ఏది ఎందుకు పనిచేయట్లేదో ఎవరికీ తెలీదు. ఇలాంటి గ్రూపులు ఇష్టం తగ్గి ఆగిపోతాయనుకుంటారు గానీ, నేను చూసినంతలో ఒక్క మనిషి అలసిపోయో, ఊరు మారో ఆగిపోతాయి. అప్పుడు మొదలుపెట్టిందే లాంగ్ నోట్‌బుక్. ప్రతి మిషన్‌కీ ఒక పేజీ, ఎప్పుడు విప్పాం, ఏం మార్చాం. తాళం రెండు నెలలకోసారి చేతులు మారుతుంది, బాగా చేస్తున్నావు నువ్వే ఉంచుకో అన్నా సరే.

రిపేరు విషయంలో ఇంకో పద్ధతి పెట్టుకున్నాం. పాడైన వస్తువు తెచ్చినవాళ్ళు బాగయ్యేదాకా పక్కన కూర్చోవాలి, ఇచ్చేసి వెళ్ళి ఆదివారం వచ్చి పట్టుకుపోతాం అంటే కుదరదు. మొదట్లో విసుక్కున్నారు. మధురవాడ వైపు ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు అలా కూర్చుని కూర్చునే సోల్డరింగ్ నేర్చుకున్నాడు, ఇప్పుడు రిమోట్ వైర్లన్నీ వాడివే. బటన్ల కింద రబ్బరుకి ఉండే నల్ల కార్బన్ అరిగిపోతే పెన్సిల్ రాసి నడిపించడం బాబాయి విద్య, కొత్త రబ్బర్లు తెప్పించడం వీడి విద్య. ఇద్దరికీ పడదు, పక్కపక్కనే కూర్చుంటారు. ఇక చిప్పు బదులు నల్ల జిగురు బొట్టు ఉన్న బోర్డులు వస్తే ఇద్దరూ కలిసే పెదవి విరుస్తారు, బొట్టు పాడైతే ఇక చేసేదేం లేదు.

డబ్బు గురించి రెండు ముక్కలు. మొన్నామధ్య ఒక మాల్ వాళ్ళు వారాంతం స్టాల్ పెట్టమన్నారు, మంచి మొత్తమే ఇస్తామన్నారు. వద్దన్నాం. ఒకసారి డబ్బు తీసుకుంటే మిషన్ ఆగినప్పుడు క్షమాపణ చెప్పాలి, మావి రోజూ ఆగుతాయి. పైగా ఎవరి శ్రమకి ఎంత అనే లెక్క మొదలైతే తాళం ఎవరూ తీసుకోరు. తలా కొంచెం వేసుకుంటాం, కరెంటు బిల్లు, టీలు, సోల్డరింగ్ సీసం, సిలికా జెల్ పొట్లాలు, అంతే ఖర్చు.

బీరువా వర్గం చెప్పేదాంట్లో న్యాయం ఒకటుంది, అది కాదనను. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు 2023లో లెక్క తీస్తే, అక్కడ 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం అప్పటికే మార్కెట్లో కొనడానికి దొరకట్లేదని తేలింది. మరి మన క్యాసెట్ల సంగతి? '9999 ఇన్ 1' అని అట్ట మీద రాసి, లోపల నాలుగైదు గేములనే పేర్లు మార్చి, స్టేజీలు మార్చి తిప్పి తిప్పి పెట్టినవి, వాటిని ఏ మ్యూజియం దాస్తుంది? కానీ నర్సీపట్నం నుంచి శ్రీకాకుళం దాకా పిల్లలు ఆడింది అవే. అందుకని ప్రతి క్యాసెట్‌కీ అట్ట ఫోటో, మెనూ తెర ఫోటో తీసి, లోపల నిజంగా ఏమేం గేములున్నాయో నోట్‌బుక్‌లో రాస్తున్నాం. ఈ పని బీరువా వర్గమే ఎక్కువ చేస్తోంది, ఒప్పుకోవాలి, మా వర్గం ఆడుకుంటోంది.

ప్రస్తుతం అర్జెంటుగా కావలసింది 21 అంగుళాల డబ్బా టీవీ. ఉన్న రెండిట్లో ఒకదాని బొమ్మ ఒక పక్కకి లాగేస్తోంది, బాబాయి ఇక నా వల్ల కాదన్నారు. ఎవరింట్లోనైనా మూల పడి ఉంటే పాత సామాన్లవాడిని పిలిచేముందు కింద ఒక మాట రాయండి. పనిచేయకపోయినా పర్లేదు, పిక్చర్ ట్యూబ్ పగలకుండా ఉంటే చాలు, రిమోట్ లేకపోయినా పర్లేదు. గాజువాక, పెందుర్తి ఎక్కడైనా ఆటో మేమే తెచ్చుకుంటాం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు అంటే మాత్రం ఆ ముక్క ముందే చెప్పండి, నలుగురం వస్తాం.