మా అమ్మాయి బడి గోడ మీద ఒక ఫొటో

అమెరికాలో మే మొదటి వారమంటే బడుల్లో టీచర్ అప్రిసియేషన్ వీక్, అంటే టీచర్లకు కృతజ్ఞతలు చెప్పుకునే వారం. మేముండేది మిన్నెసోటాలో. చార్టర్ స్కూళ్లకు ఈ దేశంలో తొలి చట్టం 1991లో వచ్చింది ఇక్కడే. ఫీజుల్లేని ప్రభుత్వ బడులే, కాకపోతే నిర్వహణ విడిగా ఉంటుంది. అలాంటి ఒక బడిలో లాటరీ తీస్తే మా అమ్మాయికి సీటొచ్చిన రోజు ఎంత సంబరపడ్డామో!

నిన్న వెళ్తే వరండా గోడ మీద కల్పనా చావ్లా, నాసా గణిత శాస్త్రవేత్త కేథరిన్ జాన్సన్ ఫొటోలు. వాటి పక్కనే, అంతే సైజులో, భోజనం వడ్డించే సోమాలీ ఆవిడ ఫొటో! బస్సు డ్రైవర్ గారిది, గదులు ఊడ్చే తాతగారిది కూడా. ఒక్కో ఫొటో కింద పిల్లలు రాసిన చీటీలు. ఆవిడ ఫొటో కింద మా అమ్మాయి వంకర అక్షరాలు: "నేను మాంసం తిననని ఈమె ఎప్పుడూ మర్చిపోదు."

కొత్తలో అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చేది మా పిల్ల. పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది ఈవిడేనట. నాకు నిన్నటిదాకా తెలియదు.

ఆవిడ చీటీ చదువుకుని, చేతి గ్లౌజు తీసి, ఆ అక్షరాలను వేలితో తడిమింది. నాకు గొంతు పూడుకుపోయింది.

రేపు సున్నుండలు తీసుకెళ్తున్నా. నెయ్యి దండిగా వేసి.