గైడ్ డాగ్‌కి దారి తెలీదు

అమెరికాలో పుట్టిన మన పిల్లలకైనా, సెలవులకి వాళ్లు బొబ్బిలో నరసన్నపేటో వచ్చినప్పుడు చుట్టూ మూగే ఇక్కడి పిల్లలకైనా ముందు చెప్పాల్సింది ఒకటే: చూపు లేనివాళ్లకి నడకలో తోడుండే గైడ్ డాగ్‌కి దారి తెలీదు. "గుడికి పద" అంటే తీసుకెళ్లిపోదు.

విజయనగరం లెక్కలో చెబితే బేగి అర్థమవుతుంది. చూపు లేని మనిషి గంటస్తంభం నుంచి మూడు లాంతర్లకి వెళ్లాలంటే ఎన్ని సందులు దాటాలో, ఎటు తిరగాలో ఆ మనిషి బుర్రలోనే ఉండాలి. "ముందుకి", "ఎడమకి", "కుడికి" అని చెప్పేది మనిషి. అడ్డంగా ఆపిన బండినీ, తవ్వి వదిలేసిన గొయ్యినీ తప్పించేది, మెట్టు వస్తే ఆగి చెప్పేది కుక్క. సిగ్నల్ లైటు చూసి దాటిస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా కుక్క కంటికి సరిగా ఆనదు. బళ్ల చప్పుడు విని ఎప్పుడు దాటాలో తేల్చుకునేది మనిషే. "ముందుకి" అన్నాక కారు దూసుకొస్తే మాత్రం కుక్క కదలదు. మాట వినడం నేర్పాక, ఎప్పుడు వినకూడదో కూడా నేర్పుతారు. నేర్పడానికి చాలా కష్టమైన పాఠాల్లో ఇదొకటి. చప్పుడు చెయ్యని ఎలక్ట్రిక్ కార్లొచ్చాక దీని అవసరం ఇంకా పెరిగింది.

న్యూజెర్సీలో పార్సిపనీ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి ఇదంతా కళ్లతో చూసే వీలుంది. 1929లో మొదలైన 'ద సీయింగ్ ఐ' అనే శిక్షణ బడి పక్కనే మోరిస్‌టౌన్‌లో ఉంది. తర్ఫీదు అక్కడి వీధుల్లోనే జరుగుతుంది. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, జర్మన్ షెపర్డులు ఎక్కువ. ఛాతీ చుట్టూ పట్టీలు, వీపు మీద నుంచి లేచే గట్టి పిడి, దీన్ని హార్నెస్ అంటారు. పిడి మనిషి ఎడమ చేతిలో ఉంటుంది. మెత్తని తాడైతే కుక్క ఆగిందో పక్కకి జరిగిందో చేతికి తెలీదు, గట్టి పిడి వెంటనే చెబుతుంది. హార్నెస్ ఉన్నంతసేపూ డ్యూటీ. తీసేస్తే మామూలు కుక్కే, బంతి వెంట పరిగెడుతుంది.

దీన్ని పిల్లలకి ఇంట్లోనే ఆడించి చూపించొచ్చు. ఒక పెద్దమనిషి కళ్లకి తువ్వాలు కట్టండి. ఏడెనిమిదేళ్ల గుంటడు కుక్క వేషం. వాడు వెనక్కి పెట్టి పట్టుకున్న మూరెడు కర్ర రెండో కొస పెద్దమనిషి ఎడమ చేతికివ్వండి. హాల్లో కుర్చీలు అడ్డం పెట్టి, బట్టలారేసే తాడు పెద్దమనిషి గడ్డం ఎత్తులో కట్టి ఒక చీర వెయ్యండి. మొదటిసారి ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోతారు, ఎందుకంటే ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. రెండోసారి గుంటడు కుర్చీల సందులోంచి తాను పట్టేంత చోటు చూసుకుని దూరిపోతాడు, పెద్దాయన కుడి మోకాలు కుర్చీకి తగులుతుంది. మూడోసారి తాడు కింద నుంచి హాయిగా వెళ్లిపోతాడు, చీర పెద్దాయన మొహానికి కొడుతుంది. తన తలకి తగలనిది కూడా అడ్డమేననీ, తన కుడిపక్క ఇంకో మనిషి వెడల్పు ఉందనీ కుక్కకి అలవాటు చెయ్యడానికి సుమారు నాలుగు నెలలు ఎందుకు పడుతుందో పిల్లలకి అప్పుడు తెలుస్తుంది. ఒక జాగ్రత్త: గంతలు కట్టుకున్న వాళ్లకి కలిగేది కొత్త భయం. చూపు లేకుండా ఏళ్ల తరబడి బతికిన వాళ్ల నడక అలా ఉండదు. ఆ మాట చెప్పకపోతే పిల్లలకి జాలి మాత్రమే మిగులుతుంది.

పిల్లలు నేర్చుకుని వచ్చిందే పెద్దలకి ఉద్యోగంలో పనికొస్తుంది. మోటల్ కౌంటర్‌లోనో, హోటల్లోనో, గ్యాస్ స్టేషన్లోనో పనికి కుదిరిన మన కుర్రాళ్లు తడబడేది కస్టమర్ ఇలాంటి కుక్కతో లోపలికి వచ్చినప్పుడే. అమెరికా చట్టం ప్రకారం, సంగతి చూడగానే తెలియకపోతే, అడగదగ్గ ప్రశ్నలు రెండే: ఇది వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ డాగేనా (గైడ్ డాగ్ కూడా ఆ కోవలోదే)? ఏ పనికి తర్ఫీదు ఇచ్చారు? కాగితాలు అడగకూడదు, చేసి చూపించమనకూడదు, పెంపుడు జంతువుల రుసుము వెయ్యకూడదు. "నాకు కుక్కలంటే భయం", "ఎలర్జీ" అన్నవి కస్టమర్ని తిప్పి పంపడానికి కారణాలు కావు. కుక్క అదుపు తప్పినా యజమాని సర్దకపోతేనో, లోపల పాడుచేస్తేనో బయటికి తీసుకెళ్లమనొచ్చు. అప్పుడు కూడా మనిషికి సేవ చెయ్యాల్సిందే. ఇంగ్లండ్‌లో టాక్సీ నడిపేవాళ్లు వైద్య కారణాలతో మినహాయింపు పత్రం లేకుండా గైడ్ డాగ్‌ని ఎక్కించుకోనంటే 1,000 పౌండ్ల వరకు జరిమానా.

అమెరికాలో కొన్ని ఇళ్లలో పిల్లలు శిక్షణ బడి ఇచ్చే కుక్కకూనని పెంచడానికి ముందుకొస్తారు. ఏడెనిమిది వారాల కూన వస్తుంది, ఏడాది దాటాక శిక్షణకి తిరిగి ఇచ్చెయ్యాలి. ఏడుపు తప్పదు, ముందే చెప్పి ఉంచడం మంచిది. అసలు చిక్కు ఊర్నుంచి వచ్చిన అమ్మమ్మ. "ఏటమ్మా, నోరులేని జీవి, ఓ ముద్ద పెడితే ఏటవుద్ది?" అంటుంది. పెరుగన్నం ముద్దకి అలవాటు పడిన కూన రేపు హోటల్లో కింద పడిన మెతుకు కోసం మనిషిని లాక్కెళ్తుంది. పరమాన్నంలో కిస్‌మిస్, కూరలో ఉల్లిపాయ కుక్కలకి విషం కూడా.

ఇవన్నీ విన్న పిల్లలు శ్రీకాకుళంలో అడుగుతారు, ఇక్కడ ఇలాంటి కుక్కలు ఎందుకు కనపడవని. ఫుట్‌పాత్ వరసగా ఉంటే గైడ్ డాగ్ చదువు బాగా పనిచేస్తుంది. ఇక్కడ ప్రతి సందుకీ ఓ ఊరకుక్కల గుంపు, కొత్త కుక్క కనపడితే మీదపడతాయి. ఏప్రిల్, మే ఎండలో తారురోడ్డు అరికాళ్లు కాల్చేస్తుంది. అందుకే ఇక్కడ తెల్లకర్రే దిక్కు. ఏడు రోడ్ల జంక్షన్‌లో తెల్లకర్రతో ఎవరైనా ఆగి ఉంటే చెయ్యి పట్టి లాగకూడదు. ముందు అడగాలి: "దాటించమంటారా అండీ?" సరే అంటే మన మోచెయ్యి అందించాలి, వాళ్లే పట్టుకుంటారు. అరడుగు ముందు నడుస్తూ మెట్టు వస్తే ఎక్కేదో దిగేదో చెప్పాలి. దాటాక ఎటు మొహం పెట్టి నిలబడ్డారో చెప్పి వదలాలి. అది చెప్పకపోతే ఆయన బుర్రలో ఉన్న దారంతా తారుమారవుతుంది.