ఒకటి-సున్నా, నేనేమో గేటు దగ్గర

హైదరాబాద్ ఎఫ్‌సీ 2023-24 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ చెన్నైలో, అక్కడి జట్టు చెన్నైయిన్ మీద, ఒకటి-సున్నా. దానికి నేను వెళ్ళాను. సెలవు పెట్టి, టికెట్టు కొని, పసుపు జెర్సీ ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్ళాను. మ్యాచ్ మొత్తానికి పడిన ఆ ఒక్క గోలూ పడే టైముకి మాత్రం స్టేడియం గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనతో చిల్లర డబ్బుల గురించి వాదులాడుతున్నాను.

2024 మార్చి 5, మంగళవారం. అప్పుడు నెల్లూరులో ఇంటి దగ్గర ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే వరసగా ఓడిపోతున్న జట్టు కోసం హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసేంత పిచ్చి నాకైనా ఉందని అనుకోను. మద్రాసు పోతున్నా అనగానే అమ్మ "కళ్ళకేమన్నా అయిందా నైనా?" అంది. నెల్లూరోళ్ళం మద్రాసు పోయేది రెండింటికే: పెళ్ళి చీరలకి టీ నగర్, కళ్ళకి పెద్దాసుపత్రి. ఫుట్‌బాల్ అని చెప్తే కాసేపు నా మొహం చూసి, "అది టీవీలో రాదా?" అనడిగింది. వస్తుందమ్మా. కానీ టీవీలో చూసినప్పుడల్లా ఓడిపోతున్నారు కదా, ఈసారి పద్ధతి మారుద్దామని.

పినాకిని ఎక్స్‌ప్రెస్ సంగతి మీకు తెలిసిందే. సూళ్ళూరుపేట దాకా బుద్ధిగా పోతుంది, గుమ్మిడిపూండి దాటాక లోకల్ రైళ్ళకి దారిచ్చుకుంటూ నడక మొదలుపెడుతుంది, బేసిన్ బ్రిడ్జి దగ్గరికి వచ్చాక సెంట్రల్ స్టేషన్ ఎర్ర గోడలు కనిపిస్తున్నట్టే ఉండి కదలదు. జనం బ్యాగులు దించుకుని తలుపుల దగ్గర నిలబడి చెమటలు కారుస్తుంటారు. నాకు చిన్నప్పటి నుంచీ మద్రాసు అంటే ఆ పది నిమిషాలే.

మధ్యాహ్నం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. సెంట్రల్ ఎదురుగా ఒక హోటల్లో భోజనం చేశాను, ఎండుచేప వాసనైనా తగలని ఆ అన్నానికి వాళ్ళు తీసుకున్న డబ్బులకి నెల్లూరులో చేపల పులుసుతో ఇద్దరు తిని లేవొచ్చు. తర్వాత ఒక తెలిసినవాళ్ళ గదిలో పడుకుని సాయంత్రం లేచాను.

స్టేడియం సెంట్రల్ వెనకాలే, పెరియమేట్‌లో. ఆటోవాడు నూట యాభై అన్నాడు, కాళ్ళున్నాయిలే అని నడిచాను. పెరియమేట్ అంటే తోళ్ళ వ్యాపారం. సందు సందుకీ తోళ్ళ దుకాణాలు, ఆ వాసన ముక్కుకి పట్టిందంటే టీ తాగినా పోదు. అక్కడే ఒక టీ కొట్టు దగ్గర మొదలైంది నా పసుపు చొక్కా గోల.

మా జట్టు రంగు పసుపు. చెన్నైలో పసుపు అంటే ఒకటే అర్థం, క్రికెట్ జట్టు చెన్నై సూపర్ కింగ్స్. ఐపీఎల్ ఇంకో రెండు వారాల్లో, 22న, చెపాక్‌లోనే మొదలవబోతోంది, ఊరంతా దాని మీదే ఉంది. టీ పోసే ఆయన నన్ను చూసి నవ్వి ఏదో అన్నాడు, నాకర్థమైంది ధోనీ అన్న మాటొక్కటే. పక్కనున్నవాళ్ళు బొటనవేళ్ళు ఎత్తారు. ఒక చిన్నపిల్లాడు వాళ్ళ నాన్న చెయ్యి వదిలించుకుని వచ్చి నాతో ఫోటో దిగాడు. ఇది ఫుట్‌బాల్ చొక్కా బాబూ, హైదరాబాద్ అని చెప్పబోయి ఊరుకున్నాను. ఇంకో తమాషా ఏంటంటే చెన్నైయిన్ ఓనర్లలో ధోనీ కూడా ఒకడు, ఆ జట్టుదేమో నీలం రంగు. అంటే ధోనీ మీద ప్రేమతో నాకు టీ కొట్లో మర్యాద జరుగుతుంటే నేను ధోనీ జట్టు ఓడిపోవాలని కోరుకుంటూ టీ తాగుతున్నాను. చాలా బాగుంది టీ.

ఇక గేటు. నీళ్ళ సీసా తీసేశారు, సరే. పవర్ బ్యాంకు పక్కన పెట్టమన్నారు, సరే. జేబులో చిల్లర పట్టుకుని అవి కూడా డబ్బాలో వేసెయ్యమన్నారు, గ్రౌండ్‌లోకి విసురుతారట. నేను విసరను సార్ అన్నాను. ఎవడైనా విసురుతానని చెప్పి వస్తాడా అన్నాడాయన, తమిళంలోనే, కానీ స్పష్టంగా అర్థమైంది. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో రూపాయలు. డబ్బు కాదు, రాత్రికి ఆటోవాడు చిల్లర లేదంటాడు కదా అని నా బాధ. ఈ లోపల లోపల్నుంచి డప్పులు, పాటలు. మ్యాచ్ మొదలైపోయింది. నా వెనక లైను పెరుగుతోంది.

ఉన్నట్టుండి డప్పులు ఆగిపోయాయి.

పాట మధ్యలో ఆగింది, ఎవరో మైకు వైరు పీకేసినట్టు. గేటు దగ్గరున్న అందరం తలెత్తాం. గోలు పడితే స్టేడియం అరుస్తుంది, ఆ అరుపు బయటికి వినిపిస్తుంది, అది నాకు తెలుసు. అరవకపోతే ఏం పడినట్టు? సెక్యూరిటీ ఆయన నా చొక్కా వంక చూశాడు, టీ కొట్టాయనలా కాదు, సరిగ్గానే గుర్తుపట్టి, "మీవాళ్ళే" అని చిల్లరంతా నా చేతిలోనే పెట్టేసి లోపలికి పొమ్మన్నాడు. జాలిపడ్డాడో, చిరాకు పడ్డాడో ఇప్పటికీ తెలీదు.

లోపల సగం కుర్చీలు ఖాళీ. మంగళవారం కదా. అది అథ్లెటిక్స్ కోసం కూడా కట్టిన స్టేడియం, మనకీ గ్రౌండ్‌కీ మధ్య రన్నింగ్ ట్రాకు అడ్డం, ఆటగాళ్ళు అల్లంత దూరంలో ఉంటారు. నీలం జెండాలకి దూరంగా ఒక మూల చూసుకుని కూర్చున్నాను. పక్క సీట్లో తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన వేరుశనక్కాయలు తింటూ, నా వంక తిరక్కుండానే, "ఏమి నైనా, గోలు పడినాక వస్తా ఉండావే" అన్నాడు. చెన్నైలో తెలుగు వినపడ్డం వింత కాదు, కానీ అచ్చం మా ఊరి మాటలో పలకరిస్తే కాస్త ధైర్యం వచ్చింది.

పెరంబూరులో ఇల్లు, రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాడు, తాతల నాడు గూడూరు వైపు నుంచి వచ్చారట. పెరంబూరు, వ్యాసర్పాడి అంటే ఉత్తర చెన్నైలో ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు, అక్కడి పిల్లలు క్రికెట్ బ్యాటు కన్నా ముందు బంతి తంతారు అని ఆయనే చెప్పాడు. చెన్నైయిన్ 2015లోనూ 2017-18లోనూ కప్పు కొట్టిందని, ఆ రెండోది బెంగళూరు వాళ్ళ సొంత గ్రౌండ్‌లోనే బెంగళూరు మీద మూడు-రెండుతో గెలిచిందని గుర్తుచేశాడు, నేనడక్కుండానే. నేను కూడా ఊరుకోలేదు. 2022 గోవా ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద ఒకటి-ఒకటి, పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమని ఆపిన బంతులు చెప్పాను. "అప్పుడు గెలిస్తిరి. ఇప్పుడేమైంది?" అన్నాడు.

ఇప్పుడేమైందో దేశమంతా పేపర్లలో చదివిందే. జీతాలు రాలేదు. విదేశీ ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు, జొవావో విక్టర్ మాత్రం మిగిలాడు. పేరున్న మనవాళ్ళలో చాలామంది జనవరిలో వేరే జట్లకి పోయారు. కోచ్ సింగ్టో చేతిలో ఉన్నది దాదాపు కుర్రాళ్ళ జట్టు. కొన్ని మ్యాచ్‌ల్లో మా గోలుకీపరుకి బంతి పట్టుకోవడం కన్నా వలలోంచి తీసి విసరడమే ఎక్కువ పనైపోయింది.

హాఫ్‌టైమ్‌లో మాట పాతకాలానికి పోయింది. వాళ్ళ నాన్న మద్రాసులో హైదరాబాద్ సిటీ పోలీస్ ఆట గురించి కథలు కథలుగా చెప్పేవాడట. 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు కొట్టిన జట్టు, కోచ్ రహీం, ఆయనే 1962 జకార్తాలో ఇండియాకి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. అంతవరకూ ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ దగ్గర చెడింది. "మా తంగరాజ్" అన్నాడాయన. పుట్టింది హైదరాబాద్‌లోనండీ, సికిందరాబాద్ క్లబ్బుల్లోనే ఆడడం మొదలుపెట్టాడు అన్నాను. "పుడితే? పేరు చూడు. మద్రాస్ రెజిమెంట్‌లో చేరినాడు కాబట్టే తంగరాజ్ అయినాడు" అన్నాడు. ఆ కాలం ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం కూడా మావాడే, సికిందరాబాద్ అమ్ముగూడ అని నేను పట్టు వదల్లేదు. సెకండాఫ్ మొదలయ్యాక కూడా ఇది తెగలేదు.

సెకండాఫ్ గురించి నిజం చెప్తే, నాకు ఆట సరిగా గుర్తులేదు. గడియారం గుర్తుంది. ఓడిపోవడం అలవాటైపోయినవాడికి ఓటమి పెద్ద కష్టం కాదు, రెండు గోల్స్ పడగానే కాళ్ళు జాపుకుని వేరుశనక్కాయలు తినొచ్చు. ఒక గోలు ముందుండి, ఇంకా ముప్పై నిమిషాలు ఉందంటే మాత్రం ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చెన్నైవాళ్ళు మీద మీదకి వస్తుంటే మా పిల్లలు బంతిని ఎటు పడితే అటు తన్నేస్తున్నారు, అందం చందం ఏం లేదు, బయటికి పోతే చాలు. త్రో ఇన్ తీసుకోవడానికి బంతి తుడిచి తుడిచి వెయ్యడం నేను వేరే జట్లు చేస్తే బూతులు తిట్టిన పనే. ఆ రాత్రి నాకది గొప్ప కళలా కనపడింది. ఇంకొంచెం తుడవరా అని మనసులో అనుకున్నాను.

పెద్దాయన ఒకసారి నా మోకాలు మీద చెయ్యేసి, "ఎందుకంత ఊపుతా ఉండావు కాలు? బెంచీ అదురుతా ఉంది" అన్నాడు. కాలు ఆపాను. ఐదు నిమిషాల తర్వాత చూస్తే ఆయన కాలు ఊగుతోంది. ఆయన జట్టు ప్లేఆఫ్ కోసం కొట్టుకుంటోంది, అట్టడుగున ఉన్న మాలాంటి జట్టు చేతిలో సొంత ఊళ్ళో ఓడిపోతే లెక్కలన్నీ తారుమారు. ఒకే గోలు ఇద్దరినీ చెరో వైపు నుంచి పీక్కుతింటోంది.

విజిల్ పడింది. లేచి గంతులెయ్యాలనే అనుకున్నాను, కానీ చుట్టూ అంతా నీలం చొక్కాలు, మూటాముల్లె సర్దుకుంటున్నట్టు మౌనంగా జెండాలు చుట్టుకుంటున్నారు. కూర్చునే రెండు పిడికిళ్ళూ బిగించి వదిలేశాను. పెద్దాయన వేరుశనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి, "తీసుకో, గెలిచినావు కదా" అన్నాడు. దాంట్లో పొట్టు తప్ప ఏం లేదు. "తంగరాజ్ మాత్రం మావాడే" అని మెట్లు దిగిపోయాడు. పేరూ అడగలేదు, నంబరూ తీసుకోలేదు.

నెల్లూరు బస్సులు మాధవరం నుంచి కదా, సెంట్రల్ ఏరియా నుంచి అంత రాత్రప్పుడు ఆటో నాలుగు వందల యాభై. మ్యాచ్ టికెట్టు కన్నా ఎక్కువ. డ్రైవరు నా చొక్కా చూసి ఉత్సాహంగా ఈసారి కప్పు మనదేనా అని సైగలు చేశాడు. మనదే అన్నాను. దిగాక ఐదు వందల నోటు ఇస్తే చిల్లర లేదన్నాడు. నేను జేబులోంచి ఆ గేటు దగ్గర కాపాడుకున్న నాణేలు తీశాను, వాటితో లెక్క ఎలా సరిపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి యాభై ఆయనకే పోయింది. మనదే కప్పు అన్నవాడితో బేరమాడ్డం ఏం బాగుంటుంది?

ఏపీఎస్‌ఆర్టీసీ బస్సులో కిటికీ సీటు. తడ దాటాక సిగ్నల్ వచ్చింది, అప్పుడు చూశాను గోలు. సాజద్ పర్రే, కశ్మీరు కుర్రాడు. ఆగి ఆగి తిరుగుతున్న వీడియో, మొదటిసారి బంతి వల దాకా పోయేలోపే ఆగిపోయింది. నాయుడుపేట దాకా అదే పనిగా చూశాను. పక్కాయన నిద్రలో నా భుజం మీదికి వాలాడు, తొయ్యబుద్ధి కాలేదు.

ఆ సీజన్ ఆఖరున చెన్నైయిన్ ఆరో స్థానంలో ప్లేఆఫ్‌కి పోయింది, మేం 8 పాయింట్లతో అట్టడుగున మిగిలాం. అందులో మూడు ఆ మంగళవారంవి. 2025లో జట్టునే ఢిల్లీకి తీసుకుపోయి పేరు మార్చేశారు. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఆఫీసులో ఒక మిత్రుడు అదే జట్టు కదరా, చెన్నైకి ఆడ్డానికొస్తే వెళ్ళి చూడు అంటాడు. పినాకిని ఎక్కి, బేసిన్ బ్రిడ్జి దగ్గర చెమటలు కార్చి, ఢిల్లీ కోసం అరవాలట. నేను పోను. పోతే గీతే ఆ పెద్దాయన పక్కన కూర్చుని చెన్నైకే అరుస్తాను, తంగరాజ్‌ని మాత్రం ఇవ్వను.