ఈమ్స్ కుర్చీ సెకండ్ హ్యాండ్‌లో కొంటే ముందు రబ్బరు బిళ్ళలు చూడండి

నిన్న రాత్రే క్లాంపులు విప్పాను. వేళ్ళకంటిన ఎపాక్సీ జిగురు పోకముందే రాసేస్తున్నా.

కుర్చీ అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతుల 670, కాళ్ళు చాపుకునే పీట 671. హెర్మన్ మిల్లర్ అనే ఫర్నిచర్ కంపెనీ 1956 నుంచి చేస్తున్న జత. వెతకడం, బేరం, డాలస్‌లో ఇంటికి చేర్చడం ఒక్క వారాంతంలో తేలిపోయాయి. నకలుని పట్టుకోవడమూ తేలికే. వెనక్కి వాల్చే మీట ఉన్నా, కుర్చీకి ఐదు బదులు నాలుగే కాళ్ళున్నా, ప్లైవుడ్ డొప్పల (మెత్తల వెనకుండే వంపు చెక్కల) మీద బయటికి బోల్టు తలలు కనబడినా దండం పెట్టి వచ్చేయండి.

అసలు కథ వీపు దగ్గర. కింది వీపు డొప్పకి లోపల చెరో పక్కన రబ్బరు బిళ్ళ అతికించి ఉంటుంది. కుర్చీ చేతి (ఆర్మ్‌రెస్ట్) మెత్త తీస్తే కనబడే రెండేసి బోల్టులు ఆ బిళ్ళలోని మరల్లోకే దిగుతాయి. మనిషి వెనక్కి ఆనితే బరువంతా వాటి మీదే. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు రాయవుతుంది, ఓ రోజు చెక్క పొరతో సహా ఊడొస్తుంది. గోరు గుచ్చి చూడండి, దిగకపోతే పని అయిపోయినట్టే. నాకు అమ్మినాయన తోలు మాత్రం అద్దంలా తుడిచి పెట్టాడు!

రిపేరు షాపులో "బయట నుంచి బోల్టు కొట్టేద్దాం" అన్నారు. వేల డాలర్ల వస్తువుకి తూటు పెడతారట. సొంతంగా దిగాను.

పాత బిళ్ళని సన్నటి ఉలితో, చెక్క నార వెంటే, కొంచెం కొంచెంగా లేపాలి. అడ్డంగా తోస్తే పొర చిరుగుతుంది. తర్వాత 80 నంబరు ఎమరీ పేపరు, ఆల్కహాల్‌తో తుడుపు, రెండు పాళ్ళ ఎపాక్సీ, 24 గంటలు క్లాంపు. ఇంతవరకూ తెలివిగానే చేశాను. కానీ డొప్పని బల్ల మీద పడుకోబెట్టి, పాత జిగురు మరకనే గుర్తు అనుకుని అతికించా. మర్నాడు బిగించబోతే కుర్చీ చేతికున్న బెజ్జానికీ బిళ్ళలోని మర బెజ్జానికీ 3 మి.మీ. తేడా. ఒక బోల్టు దిగితే రెండోది దిగదు. కొత్త బిళ్ళనే మళ్ళీ ఉలి పెట్టి పెకలించాల్సి వచ్చింది. వడ్రంగి ఎవరైనా చూసుంటే నవ్వి చచ్చేవాడు.

సరైన వరస ఇది: బిళ్ళని ముందు కుర్చీ చేతికే వదులుగా బిగించండి. డొప్పని దాని స్థానంలో ఆనించి, బిళ్ళ చుట్టూ పెన్సిల్ గీత గీసి, అప్పుడు విప్పి జిగురు పూయండి. పాత బోల్టు పోయిందని అంతకంటే పొడుగుది వేయకండి, మొన డొప్పని పొడుచుకుని బయటికొస్తుంది. ఒక పక్క బాగుందని వదిలేయకండి, రెండూ మార్చండి. కుర్చీని దాని చేతులు పట్టి ఎత్తకండి, కూర్చునే డొప్ప కింద పట్టుకోండి.

తోలుకి తడి పిండేసిన గుడ్డ చాలు. కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్ళని కుర్చీ దగ్గరికి రానీయకండి.

పాత ఐదు పొరల బ్రెజిల్ రోజ్‌వుడ్ రకం కొని హైదరాబాద్ కంటైనర్లో పంపాలనుకునేవాళ్ళు ఆగండి. ఆ చెక్క 1992 నుంచి సైటిస్ (అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటదు. వాల్‌నట్ చెక్కకి ఈ గొడవ లేదు. నాది వాల్‌నటే.