మసకబారిన మీటరు బోర్డు, ఫ్యూజు గూట్లో దొరికిన తప్పు: నా అనుభవం

రాత్రిపూట స్పీడు ముల్లు ఎక్కడుందో చూడాలంటే కళ్లు చికిలించాల్సి వస్తోంది. ఏసీ గుబ్బల మీద గుర్తులు అసలే కనపడవు. దీనికి తోడు రెండు చిల్లర జబ్బులు. పగలు లైట్లన్నీ ఆపి ఉన్నా సరే, బ్రేకు తొక్కితే మీటరు బోర్డు వెలుగుతుంది. రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. బండి 2011 మోడల్ చిన్న పెట్రోలు కారు. మీటర్లో పాతరకం ఫిలమెంటు బల్బులు, బ్యాటరీ 35 ఆంపియర్ అవర్.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఏ షెడ్డుకెళ్లినా ముందు వచ్చే మాట ఒకటే: "బోర్డు విప్పి బల్బులన్నీ మార్చేద్దాం సార్." వద్దన్నాను. ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు ఒకసారి విరిగాయంటే ఆ బోర్డు బతికినంత కాలం గడగడలాడుతూనే ఉంటుంది. పైగా ఒకటో రెండో బల్బులు పోతే బోర్డులో ఆ మూల చీకటవుతుంది గానీ, మొత్తం ఒకే తీరుగా మసకబారదు. అన్నీ కలిసి తగ్గాయంటే వాటికి వచ్చే కరెంటే తగ్గినట్టు.

అంతకంటే ముందు ఉచితంగా అయ్యే పని ఒకటుంది. లైట్లు వేసి, బోర్డు వెలుగు తగ్గించే చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూడాలి. కొన్ని బండ్లలో అది స్టీరింగు పక్కన ఉంటుంది, కొన్నింట్లో ట్రిప్ మీటరు పుల్లనే తిప్పాలి. దుమ్ము తుడిచేటప్పుడు అది కదిలిపోయి, వెలుగు తగ్గిందని షెడ్డుకొచ్చే బండ్లు తక్కువేం కాదు. నా బండిలో అది పూర్తిగా పైనే ఉంది.

తర్వాత మల్టీమీటర్ తీశాను. పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు బ్యాటరీ 12.2 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 చూపించాలి, అంటే సగమే ఉంది. దీన్ని పక్కన రాసిపెట్టుకుని ఇంజన్ ఆన్ చేశాను. హెడ్‌లైట్లు, బ్లోయరు, ఏసీ అన్నీ వేసినా 14.0 దగ్గర నిలబడింది. డైనమో మంచిదే. మే నెల ఎండలో, ఇంజన్ బాగా కాగిన తర్వాత ఇది 13.6కి దిగినా కంగారు పడక్కర్లేదు. వేడికి డైనమో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరే కాస్త తగ్గిస్తుంది. అలిపిరి దగ్గర క్యూలో ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని నిలబడ్డప్పుడు కూడా 13 కిందకి పోతోందంటే మాత్రం బెల్టు బిగువు, డైనమో బ్రష్‌లు చూడాలి.

బండి దిగి చుట్టూ తిరిగితే అసలు ఆచూకీ దొరికింది. హెడ్‌లైట్లు బాగానే ఉన్నాయి. ముందు పార్కింగ్ లైట్లు, నంబరు ప్లేటు దీపం మాత్రం నీరసంగా ఉన్నాయి. చాలా బండ్లలో పార్కింగ్ లైట్లు, నంబరు ప్లేటు దీపం, మీటరు బోర్డు దీపాలు ఒకే ఫ్యూజు మీద నడుస్తాయి. అంటే తప్పు బోర్డులో లేదు, ఆ ఉమ్మడి దారిలో ఉంది.

ఇక్కడ వైరు నిరోధాన్ని ఓమ్‌లలో కొలిచి లాభం లేదు. నూరు పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మల్టీమీటర్ "బాగుంది" అనే చెప్తుంది. లైట్లు వెలుగుతుండగా దారిలో ఎక్కడ ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడాలి. ఏసీ ప్యానెల్ బల్బు హోల్డరు దగ్గర 12.05 వచ్చింది. బ్యాటరీ దగ్గర 14.0, అంటే దారిలో దాదాపు రెండు వోల్టులు మాయం. మల్టీమీటర్ ఎర్ర పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, నల్ల పుల్ల హోల్డరు ప్లస్ మీద పెడితే 1.6. నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పుల్ల హోల్డరు ఎర్త్ (కరెంటు బాడీ గుండా మైనస్‌కి తిరిగెళ్లే వైపు) మీద పెడితే 0.35. పుల్లలు అంత దూరం అందవు కాబట్టి మూడు మీటర్ల వైరు ఒకటి అతుక్కోవాలి.

రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, సుమారుగా దాని 3.4 ఘాతంతో పడిపోతుంది. వోల్టేజీ 14 శాతం తగ్గితే వెలుగు 40 శాతం దాకా పోతుంది.

ప్లస్ వైపు తప్పు ఎక్కడుందో తేలడానికి పావుగంట పట్టింది. ఫ్యూజు నెత్తిన కనపడే రెండు లోహపు చుక్కల దగ్గరా నష్టం 0.05 దాటలేదు. అదే ఫ్యూజు బాక్సు వెనక్కి తిప్పి, గూట్లోంచి బయటికొచ్చే వైరు మీద పెడితే 1.45. ఫ్యూజు మంచిదే, అది కూర్చున్న గూడు పాడైంది. ఫ్యూజు పీకి చూస్తే ఒక కాలు గోధుమరంగుకి తిరిగింది, దాని చుట్టూ ప్లాస్టిక్ మైనంలా జారి గడ్డకట్టింది. పక్కనే చిన్న రాగి తీగ ముక్క. ఎవరో ఎప్పుడో ఎల్‌ఈడీ పట్టీకి కరెంటు కోసం ఫ్యూజు కాలు పక్కన వైరు దోపారు. దాంతో లోపలి క్లిప్పు విచ్చుకుని పట్టు పోయింది. ఆ దారిలో పారేది మూడు ఆంపియర్లే. కానీ దానికి 1.4 వోల్టుల నష్టం కలిస్తే, గోరంత చోట నాలుగు వాట్ల వేడి, బండి లైట్లు వేసినంతసేపూ. ఇలా దోపే పని చేసేవాళ్లని నేను క్షమించను. అదనంగా ఏదైనా పెట్టుకోవాలంటే ఫ్యూజు ట్యాప్ దొరుకుతుంది, దానికి వేరే ఫ్యూజు ఉంటుంది.

బ్యాటరీ మైనస్ విప్పి (10వ నంబరు పానా, తీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర), గూట్లోంచి క్లిప్పు లాగి, పాత వైరంత మందం ఉన్న ముక్కతో కొత్త క్లిప్పు క్రింప్ చేశాను, అంటే వైరు మీద గట్టిగా నొక్కి బిగించాను. ఫ్యూజు మళ్లీ 10 ఆంపియర్లదే. "మాటిమాటికీ పోతోంది, 20ది వేద్దాం" అంటే ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది. స్టీరింగు కింద పసుపుపచ్చ కనెక్టర్లు కనపడితే వాటి జోలికి పోవద్దు, అవి ఎయిర్‌బ్యాగువి.

ఎర్త్ వైపు 0.35కి కారణం ఎడమ పక్క కాళ్ల దగ్గర, ప్లాస్టిక్ పలక వెనకున్న బోల్టు. వానాకాలం నీళ్లు కార్పెట్ కింద నిలిచి రింగు టెర్మినల్ మీద పచ్చగా చిలుము పట్టింది. ఎమెరీ పేపరుతో రింగునీ, దాని కింది బాడీనీ మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాసలిన్ పూశాను. 0.04కి దిగింది. ఇప్పుడు బల్బు దగ్గర 13.7.

బ్రేకు తొక్కితే బోర్డు వెలగడానికీ దీనికీ సంబంధం లేదు. వెనక ఎడమ లైట్లో 21/5 వాట్ల రెండు ఫిలమెంట్ల బల్బు తీసి వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే కనపడింది: ఒక ఫిలమెంటు తెగి, ఒరిగి రెండోదానికి అతుక్కుపోయింది. బ్రేకు కరెంటు ఆ వంతెన మీదుగా పార్కింగ్ లైన్లోకి ఎక్కి బోర్డు దాకా వస్తోంది. బల్బు మార్చగానే ఆగింది. కొత్తది పెట్టేటప్పుడు చూసుకోవాలి, ఈ బల్బుకి రెండు పక్కల మేకులు ఒకే ఎత్తులో ఉండవు. బలవంతంగా తిరగేసి దూరిస్తే మళ్లీ ఇదే జబ్బు.

ఇక పొద్దున్నే కనపడ్డ 12.2 సంగతి. బండి ఆగి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ నుంచి కరెంటు ఎంత పోతోందో కొలవాలి. డిక్కీ తప్ప డోర్లన్నీ తెరిచి, లాకుల్ని స్క్రూడ్రైవరుతో మూసుకున్నట్టు నొక్కి, తాళం తీసి, మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ మైనస్‌కీ దాని కేబులుకీ మధ్య పెట్టాను. ఈ స్థితిలో సెల్ఫ్ కొడితే మల్టీమీటర్‌లోని ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. అరగంట ఆగాక కూడా 0.43 ఆంపియర్లు. ఉండాల్సింది 0.05 లోపు. ఒక్కో ఫ్యూజూ పీకుతూ వస్తే లోపలి దీపాల ఫ్యూజు దగ్గర 0.02కి పడింది. ఫోన్లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూసి తీస్తే, లోపల ఐదు వాట్ల దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. రోజుకి పది ఆంపియర్ అవర్లు అక్కడే పోతున్నాయి. డిక్కీ లాకులోని స్విచ్చు ఇరుక్కుపోయింది. క్లీనర్ స్ప్రే కొట్టి పదిసార్లు ఆడిస్తే కదిలింది.

ఆ వారం రాత్రి కొండ మీద నుంచి దిగేటప్పుడు మొదటి ఘాట్‌లో మీటరు బోర్డు ముందు అద్దంలో ప్రతిబింబిస్తోంది. చక్రాన్ని రెండు గీతలు కిందికి తిప్పుకున్నాను.